మేస్త్రి చెయ్యి పడని గొట్టం

అనంతపురం జిల్లాలో నీళ్ళలో మునిగే ఉద్యోగం చేశానని చెబితే ఇప్పటికీ ఎవరూ నమ్మరు. "మీ జిల్లాలో మునగడానికి నీళ్ళెక్కడివి సార్?" అని నవ్వుతారు. నేనూ నవ్వుతాను. నీళ్ళు తక్కువున్న చోటే తూములనూ తలుపులనూ కళ్ళలో వత్తులు వేసుకుని చూసుకోవాలని, అవి చెడిపోతే నీళ్ళ అడుగునే చెడిపోతాయని వాదించడం ఎప్పుడో మానేశాను. మీరు కొత్తగా పనిలో చేరినవాళ్ళు, పైగా అడిగారు కాబట్టి ఒక్క రోజు సంగతి చెబుతాను. అందులో నా గొప్ప ఏమీ లేదు. నేను చేసిన తప్పే ఉంది.

మాది గోరంట్ల దగ్గర పల్లె. మా నాయన బావుల్లో పూడిక తీసే కూలి. బావిలో పడి, పాతాళ గరిగె కొక్కేలకు అందని బిందెలను నేను మునిగి తీసేవాణ్ణి, బిందెకు ఇన్ని గింజలు పెట్టేవాళ్ళు. ఆ తర్వాత అనంతపురంలో నీటిపారుదల శాఖ వర్కుషాపులో ఫిట్టరుకు సహాయకుడిగా చేరాను. పంపులు విప్పడం, బిగించడం మా పని. అరవైల్లో ఒక ఏడు, నీళ్ళ కింద ఊపిరి పీల్చుకునే సెట్టు ఒకటి కొన్నారు. జిల్లాలో ఎక్కడ తూము మొరాయించినా దూరం నుంచి మనుషులను పిలిపించే బాధ తప్పుతుందని. ఈత వచ్చినవాళ్ళెవరని అడిగితే వర్కుషాపు మొత్తంలో ఇద్దరం చెయ్యెత్తాం. రెండోవాడికి పెళ్ళి కుదిరి ఉంది. వాళ్ళమ్మ ఆఫీసు ముందుకొచ్చి ఏడ్చింది. ఇక నేను మిగిలాను.

ఆరు వారాలు తూర్పు తీరంలోని ఒక ఓడరేవులో నేర్పారు. నేర్పిన ఆయన ఓడల్లో పనిచేసి వచ్చినవాడు. మాట కటువు, మనసు వెన్న. మొదటి వారం నన్ను నీళ్ళలో కాలు పెట్టనివ్వలేదు. పొద్దున్నించి సాయంత్రం దాకా రెగ్యులేటరుకు గొట్టాలు తగిలించడం, విప్పడం, మళ్ళీ తగిలించడం. అంతే.

ఆ కాలపు రెగ్యులేటరు మీరు చూసి ఉండరు, కాబట్టి రెండు ముక్కల్లో చెబుతాను. వీపున కట్టుకునే సిలిండరు మెడకు బిగించే గుండ్రటి ఇత్తడి డబ్బా అది, అన్నం గిన్నె మూతంత ఉంటుంది. దానికి రెండు పక్కలా రెండు కొమ్ములు. ఒక్కో కొమ్ముకు ఒక్కో మడతల రబ్బరు గొట్టం. రెండు గొట్టాలూ భుజాల మీదుగా ముందుకొచ్చి, నోట్లో పట్టుకునే రబ్బరు ముక్క దగ్గర కలుస్తాయి. కుడి గొట్టంలో మంచి గాలి వస్తుంది. వదిలిన గాలి ఎడమ గొట్టంలో పోతుంది. ఎడమ గొట్టం డబ్బాను చేరే చోట బాతు ముక్కులాంటి పలచని రబ్బరు వాల్వు ఉంటుంది. గాలి బయటికి పోయేటప్పుడు ముక్కు తెరుచుకుంటుంది, పోయాక మూసుకుంటుంది. బయటి నీళ్ళు లోపలికి రాకుండా ఆపేది ఆ రెండు పలచని పెదవులే.

గొట్టం కొసను మంచినీళ్ళతో తడపాలి. కొమ్ము మీదికి చేత్తోనే చివరిదాకా నెట్టాలి. పట్టీ వేసి స్క్రూ బిగించాలి. తర్వాత సిలిండరు మూసి ఉంచి, నోటితో గట్టిగా పీల్చాలి. గాలి రాకపోతే అతుకు బాగున్నట్టు, వస్తే ఎక్కడో సందున్నట్టు. నూనె, గ్రీసు, దారం, గుడ్డ ఏదీ పెట్టకూడదు. ఇదంతా ఒక పూటలో వచ్చేస్తుంది. ఆరు రోజులు ఎందుకు చేయించారో తర్వాత అర్థమైంది. ఆయన నా వేళ్ళకు నేర్పలేదు, ఇంకొకరి వేళ్ళను దగ్గరికి రానివ్వకుండా ఉండడం నేర్పాడు.

"ఎవులు పీలిస్తే ఆలే బిగించుకోవాల. మీ అమ్మొచ్చి అడిగినా ముట్టనీకు. నీటి కింద పీల్చేది మీ అమ్మ కాదు" అనేవాడు.

నేను బయల్దేరేటప్పుడు ఒక లాగు బుక్కు ఇచ్చాడు. మునిగిన ప్రతిసారీ రాయాలి. ఎంత లోతు, ఎంతసేపు, తాడు పట్టింది ఎవరు. చివరి గడి, గొట్టాలు తగిలించింది ఎవరు. ఆ గడిలో ఎప్పుడూ నా పేరే ఉండాలని చెప్పి మరీ పంపాడు.

ఇప్పుడు మా మేస్త్రి గురించి చెప్పాలి. అనంతపురం వర్కుషాపులో ఆయన ఇరవై ఏళ్ళకు పైగా పెద్ద ఫిట్టరు. నాకు పని నేర్పిన గురువు. ఆదివారం చర్చిలో తెల్లచొక్కాతో ముందు వరుసలో కూచుంటాడు, సోమవారం నుంచి నూనె చొక్కా. తన పేరు సంతకం చేయడం తప్ప రాయడం రాదు, చదవడం అసలే రాదు. అయితే పంపు మీద చెయ్యి పెట్టి లోపల ఏ నట్టు వదులైందో చెప్పేవాడు. మా దగ్గర ఒక ఆచారం ఉండేది. ఏ అతుకు ఎవరు వేసినా సరే, చివరి బిగింపు మేస్త్రిది. ఆయన చెయ్యి పడనిదే ఆ పంపు వర్కుషాపు గడప దాటదు. ఆయన సెలవులో ఉంటే పంపులు వరండాలో బారుగా కూచుని ఎదురుచూసేవి. ఇంజనీర్లు కూడా ఏమీ అనేవాళ్ళు కాదు, ఎందుకంటే ఆయన బిగించిన అతుకు కారినట్టు ఎవరూ ఎరగరు.

ఆయన విద్య అంతా జనపనారలోనూ సఫేదాలోనూ ఉంది. నారను గోళ్ళతో దువ్వి, పోగులు పోగులుగా విడదీసి, పైపు మర మీద చుట్టి, పైన తెల్లటి సఫేదా ముద్ద పూసి బిగిస్తే చుక్క నీరు కారదు. "మర యా పక్కకు తిరుగుతాదో నార ఆ పక్కకే తిరగల్ల. ఎదురు సుడితే బిగించేకొద్దీ ఇడిపోతాది" అని నాకు చేతులు పట్టి నేర్పాడు. ఆ నార మాకు అన్నంతో సమానం. నారలేని అతుకంటే ఉప్పులేని సంగటి.

ఆ ఏడు వానలు మొదట్లో నాలుగు రోజులు పడి మొహం చాటేశాయి. గుమ్మఘట్ట అవతల ఒక చిన్న జలాశయం ఉంది. దాని కింద పన్నెండు ఊళ్ళ వరి. నీళ్ళున్నాయి, తూమూ ఉంది. కానీ ఒక తడికీ ఇంకో తడికీ మధ్య మూసిన తలుపు మళ్ళీ లేవలేదు. పైన చక్రం తిప్పితే కడ్డీ ఒక్కటే పైకొచ్చింది. కడ్డీనీ తలుపునూ కలిపే ఇనుప పిన్ను ఐదు నిలువుల లోతున ఊడిపోయింది. ఊరి ఈతగాళ్ళు మునిగి చూసి వచ్చారు. అడుగుకు చేరేసరికే వాళ్ళ ఊపిరి సగం అయిపోతుంది, పిన్ను పెట్టాలంటే పది నిమిషాలు కావాలి. కట్టకు ఈ పక్క నిండా నీళ్ళు, ఆ పక్క పొట్ట మీదున్న పైరు ఎండుతోంది. ఇంకో వారం గడిస్తే పశువుల మేతకు తప్ప పనికిరాదు.

సెట్టునూ నన్నూ లారీలో పంపారు. మేస్త్రి కూడా వచ్చాడు. ఆయనకు రావాల్సిన పనిలేదు, కానీ ఆయన అక్క ఊరు ఆ తూము కిందే. ఆమెకు భర్త పోయాడు. ఎకరన్నర మడే ఆధారం. మేము చేరేసరికే ఆమె కట్ట మీద గొంగడి పరుచుకుని కూచుని ఉంది.

"వచ్చినావా తమ్ముడా! నువ్వొచ్చినావంటే నీళ్ళొచ్చినట్లే" అంది.

మేస్త్రి మీసం సవరించుకున్నాడు. నా వైపు చూపించి "ఈ పిల్లోడు మునుగుతాడక్కా" అన్నాడు. ఆమె నన్ను పైనుంచి కింది దాకా చూసింది. నేను అప్పట్లో కంది పుల్లలాగా ఉండేవాణ్ణి.

"ఈడా? మునిగితే తేల్తాడా?" అంది.

ఓవర్సియరు గారు ముందే వచ్చి ఉన్నారు. కోస్తా మనిషి, నిదానస్తుడు, ప్రతిదీ కాగితం మీద చూసుకునేవారు. కట్ట మీద నలభై యాభై మంది చేరారు. సగం మంది తెలుగు, సగం మంది కన్నడం. నేను టార్పాలిను పరిచి సామాను ఒక్కొక్కటే బయటికి తీశాను. మొదటి గొట్టం చేతిలోకి తీసుకుని నీళ్ళ చెంబు కోసం తిరిగాను. అంతలో మేస్త్రి నా పక్కన గొంతుకూర్చున్నాడు.

"ఇట్ల తే" అన్నాడు.

ఇరవై ఏళ్ళుగా అందరితో అన్న మాటే అది. అందులో అధికారం ఏమీ లేదు, అలవాటే. నేను ఆ క్షణాన "వద్దన్నా, ఇది నేనే చేసుకోవాల" అంటే సరిపోయేది. నోటిదాకా వచ్చింది కూడా. కానీ అంతమంది జనం, గొంగడి మీద ఆయన అక్క, నాకు పని నేర్పిన చేతులు. మాట వెనక్కి పోయింది. గొట్టం ఇచ్చేశాను.

నిజం ఇంకొంచెం ఉంది, అదీ చెప్పేస్తాను. నాకు భయంగా ఉంది. ఓడరేవులో నేను మునిగిన నీళ్ళు వేరు, ఎర్రగా చిక్కగా ఉన్న ఈ నీళ్ళు వేరు. మేస్త్రి చెయ్యి పడితే నాకేమీ కాదని లోపల ఎక్కడో ఉంది. మర్యాద ఒక పాలు అయితే ఆ నమ్మకం మూడు పాలు.

ఆయన జేబులోంచి నార ఉండ తీశాడు. గోళ్ళతో దువ్వి, కొమ్ముల చుట్టూ చుట్టి, డబ్బాలోంచి సఫేదా తీసి పూసి, గొట్టాలు ఎక్కించి పట్టీలు బిగించాడు. రబ్బరు ముక్క దగ్గర కూడా అలాగే చేశాడు. చూడ్డానికి ఎంత పొందికగా ఉందంటే నేను తగిలించినా అంత అందంగా ఉండేది కాదు. సిలిండరు మూసి ఉంచి గట్టిగా పీల్చి చూశాను. గాలి రాలేదు. అతుకు బాగుంది కదా, ఇక ఏమిటి అనుకున్నాను. లాగు బుక్కులో చివరి గడిలో, అప్పుడే చక్రం దగ్గరి నుంచి వచ్చిన ఓవర్సియరు గారు చూస్తుండగా, నా పేరు రాశాను.

పుట్టిలో తూము దగ్గరికి పోయాం. నడుముకు తాడు. రెండో కొస మేస్త్రి చేతిలో. మూడుసార్లు లాగితే పైకి తీయాలని చెప్పి దిగాను.

మొదటి ఊపిరి నుంచే నోట్లో అవిసె నూనె వాసన. సఫేదాలో కలిపే నూనె అది. వర్కుషాపులో కూచున్నట్టే ఉంది అనుకున్నాను, కొంచెం నవ్వు కూడా వచ్చింది. రెండు నిలువులు దిగాక ఏమీ కనిపించలేదు. తడుముకుంటూ కడ్డీ పట్టుకుని తలుపు దాకా పోయాను. కన్నం దొరికింది. నడుముకు కట్టుకున్న రెండు కొత్త పిన్నుల్లో ఒకటి తీశాను. అప్పుడు పీల్చిన గాలితోపాటు ఒక గుక్క నీళ్ళు వచ్చాయి.

నేర్పిన పద్ధతి ఒకటుంది. ఎడమ పక్కకు ఒరిగి గట్టిగా ఊదితే గొట్టంలోని నీళ్ళు బయటికి పోతాయి. ఊదాను. పోయాయి. మళ్ళీ పీలిస్తే రెండు గుక్కలు. మళ్ళీ ఊదాను. ఈసారి గాలి కన్నా నీళ్ళే ఎక్కువ వచ్చాయి. పిన్ను చేతిలోంచి జారిపోయింది. తాడు మూడుసార్లు కాదు, ఎన్నిసార్లు లాగానో తెలియదు. పైకి వస్తున్నప్పుడు మా నాయన గుర్తొచ్చాడు. బావి గట్టున నిలబడి "సాలు రా, బయటికి రా" అని అరిచే గొంతు. ఇంకేమీ గుర్తులేదు.

మేస్త్రి నన్ను జుట్టు పట్టుకుని పుట్టిలోకి లాగాడు. బోర్లా వేసి వీపు మీద గుద్దాడు. ఎర్రనీళ్ళు కక్కాను. గట్టుకు చేరేదాకా నా జబ్బ వదల్లేదు.

లారీ నీడలో ఒక్కణ్ణే కూచుని రెగ్యులేటరు విప్పాను. ఎడమ పక్క మూత తీసి చూస్తే బాతు ముక్కు రెండు పెదవుల మధ్య ఒక్క పోగు నార. తల వెంట్రుక కన్నా కాస్త లావు, సఫేదా అంటి తెల్లగా ఉంది. రబ్బరు ముక్క దగ్గర చుట్టిన నారలోంచి ఊడి, నేను వదిలిన ఊపిరితో గొట్టమంతా ప్రయాణం చేసి అక్కడికి చేరి అడ్డం పడింది. ముక్కు మూతపడనివ్వలేదు. గట్టు మీద పీల్చి చూసినప్పుడు అది ఇంకా అక్కడికి చేరలేదు, అందుకే పరీక్షలో దొరకలేదు. దాన్ని గోటితో తీసి పిడికిట్లో పెట్టుకున్నాను.

ఓవర్సియరు గారు వచ్చి నిలబడ్డారు. "ఏమైందయ్యా?"

"గొట్టం సరిగ్గా తగిలించలేదు సార్. నాదే తప్పు" అన్నాను.

నేను పెద్ద త్యాగం చేశానని అనుకున్నాను సుమా. మేస్త్రి పరువు కాపాడానని. ఓవర్సియరు గారు చాలా మామూలుగా అన్నారు. "ఆరు వారాలు నేర్చుకుని వచ్చి గొట్టం తగిలించుకోవడం రానివాణ్ణి మళ్ళీ నీళ్ళలోకి దింపి నేను జైలుకు పోలేను. రేవుకు తంతి ఇస్తాను. అక్కడి మనిషిని పంపిస్తారు."

"ఎన్నాళ్ళు పడుతుంది సార్?"

"పది రోజులు, పన్నెండు రోజులు."

ఆ మాట గొంగడి దాకా వినిపించింది. మేస్త్రి అక్క లేచి వచ్చింది. ఏడవలేదు. నన్ను గానీ ఓవర్సియరు గారిని గానీ తిట్టలేదు. "పది నాళ్ళా? పది నాళ్ళకి ఈడ కొడవలి తెచ్చుకుని గడ్డి కోసుకోవాల్సిందే సామీ. నీళ్ళు కండ్ల ముందరే ఉండాయి గదా" అని, కట్టకు ఆ పక్క చూస్తూ నిలబడిపోయింది. పిడికిట్లో ఉన్న నారపోగు అప్పుడు నాకు బరువనిపించింది. నేను కాపాడింది మేస్త్రి పరువును, పోగొడుతున్నది ఆయన అక్క పంటను. పన్నెండు ఊళ్ళ పంటను.

మధ్యాహ్నం ఆమె తెచ్చిన సంగటి, చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి లారీ పక్కన పెట్టుకుని ఇద్దరం కూచున్నాం. మేస్త్రి ముద్ద కలిపాడు గానీ నోట్లో పెట్టుకోలేదు.

"యాడ తప్పు జరిగిందిరా? నేను బిగించినేది కారల్యా గదా. నా చెయ్యి ఎప్పుడూ..." అన్నాడు.

నేను పిడికిలి తెరిచాను.

ఆయన ఆ పోగును రెండు వేళ్ళతో తీసుకుని వెలుతురుకు పట్టి చూశాడు. చాలాసేపు చూశాడు. తాను దువ్విన నార ఆయనకు తెలియకపోతుందా? "ఇది యాడ ఉన్నింది?" అన్నాడు. చెప్పాను. బాతు ముక్కు చూపించాను, ఎట్లా మూసుకుంటుందో ఊది చూపించాను. ఓడరేవులో నేర్పిన ఆయన మాట చెప్పాను. లాగు బుక్కులో ఏం రాశానో కూడా చెప్పాను.

ఆయన తలదించుకుంటాడని అనుకున్నాను. ఎగిరి పడ్డాడు.

"ముట్టగూడదని తెలిసీ నా చేతికి ఎందుకిచ్చినావురా? నోరు ల్యా నీకి?"

"నువ్వు పెద్దోనివి గదన్నా. అంతమంది ముందర ఎట్ల చెప్పేది?"

"మొగమాటానికి పోతే కడుపయ్యిందంట ఎవురికో! నాకు మర్యాద ఇయ్యబోయి నువ్వు పీనుగై లేసింటే, మీ నాయనకి నేనేం చెప్పల్ల? మా వాడు మంచి మర్యాదస్తుడు, అందుకే సచ్చినాడని చెప్పల్లనా?"

ముద్దను పళ్ళెంలోనే వదిలేసి చెయ్యి కడుక్కుని లేచాడు. సూటిగా ఓవర్సియరు గారి దగ్గరికి పోయాడు. నేను వెనకాలే పరిగెత్తాను.

"సార్, గొట్టాలు తగిలించింది వీడు కాదు. నేను. నార సుట్టింది నేను. ఆ నారే లోపల తట్టుకున్యాది."

ఓవర్సియరు గారు లాగు బుక్కు తెరిచారు. "ఇక్కడ ఇతని పేరుంది కదయ్యా."

"ఆడ రాసింది అబద్ధం సార్. కొట్టేసి నా పేరు రాయండి."

"రాస్తే ఇది పైకి పోతుంది. నీ సర్వీసు ఇంకెంత ఉంది? ఈ మచ్చ ఎందుకు నీకు?"

"పోనీండి సార్. వానికి పని వచ్చు. వాన్ని దింపండి. నీళ్ళు రానీండి."

ఆ గడిలో నా పేరు కొట్టేసి కలం ఆయనకిచ్చారు. తనకు రాయడం వచ్చిన ఒకే ఒక్క మాటను మేస్త్రి అక్కడ రాశాడు. నెమ్మదిగా, నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని, ఒక్కో అక్షరమూ మర బిగించినట్టు రాశాడు. ఆ తర్వాత ఓవర్సియరు గారు నా వైపు తిరిగారు. "అతనికి తెలియక చేశాడు. నువ్వు తెలిసి చేయనిచ్చావు. పైగా అబద్ధం రాశావు. ఇద్దరిలో ఎవరి తప్పు పెద్దదో నువ్వే చెప్పు." ఇన్నేళ్ళలో నన్ను చాలామంది పైవాళ్ళు తిట్టారు, అంత న్యాయంగా తిట్టింది ఆయనొక్కడే.

మధ్యాహ్నం ఎండ కాస్త వాలాక మళ్ళీ టార్పాలిను పరిచాను. కొమ్ముల మీది సఫేదాను సబ్బుతో కడిగాను, గొట్టాలు లోపలా బయటా మూడుసార్లు కడిగి దులిపాను. బాతు ముక్కును వేలితో తడిమి చూసుకున్నాను. మళ్ళీ జనం మూగారు. ఇప్పుడు మేస్త్రి నాకు రెండు అడుగుల దూరంలో నిలబడ్డాడు, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని. బడిపిల్లవాణ్ణి శిక్ష వేసి నిలబెట్టినట్టు ఉన్నాడు. ఆయన చేతులు అలా ఖాళీగా ఉండడం నేను అంతకుముందు చూడలేదు.

గొట్టం కొస తడిపి కొమ్ము మీదికి నెట్టాను. పట్టీ వేశాను. స్క్రూ తిప్పి ఆపాను.

"ఇంగో సుట్టు..." అన్నాడు మేస్త్రి వెనక నుంచి.

"సాలన్నా" అన్నాను, తల తిప్పకుండానే.

ఇరవై ఏళ్ళలో ఆయనకు ఆ మాట ఎవరూ చెప్పి ఉండరు. కట్ట మీద ఎవరో కిసుక్కుమన్నారు. మేస్త్రి అర అడుగు వెనక్కి జరిగి, "సాలంటే సాలు. నీ గొట్టం, నీ ఇష్టం" అన్నాడు. తర్వాత నాకు మాత్రమే వినిపించేలా, "సేతులు దురద పెడ్తాండాయి రా" అన్నాడు. నాకు నవ్వు ఆగలేదు. ఆ నవ్వుతో పొద్దుటి నుంచీ ఉన్న బెదురు తగ్గింది.

మిగతా మూడు కొసలూ నేనే తగిలించాను. పీల్చి చూశాను. లాగు బుక్కులో కొత్త వరుసలో నా పేరు రాశాను, ఈసారి నిజంగా.

రెండోసారి మునగడం గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. పని సరిగ్గా జరిగితే కథ ఉండదు. గాలికి ఏ వాసనా లేదు, రబ్బరు వాసన తప్ప. చీకట్లో కన్నం దొరికింది, రెండో పిన్ను పెట్టాను, అది జారకుండా చీలిక మేకు దూర్చి కొసలు వంచాను. మళ్ళీ వేలితో తడిమి చూసుకున్నాను. పన్నెండు నిమిషాలు పట్టిందని తర్వాత బుక్కులో రాశారు. తాడు ఒకసారి లాగితే పైనుంచి ఒకసారి బదులు వచ్చింది. ఆ తాడు చివర ఎవరి చేతులున్నాయో నాకు తెలుసు. భయం వేయలేదు.

నేను గట్టెక్కి పక్కకు తప్పుకున్నాక నలుగురు ఖలాసీలు చక్రం తిప్పారు. కడ్డీ బిగిసింది. ఒక్కసారి కిర్రుమంది. కట్టకు ఆ పక్క తూము నోట్లోంచి మొదట బురద, తర్వాత ఎర్రటి నీళ్ళు, కాలవ నిండా వచ్చాయి. పిల్లలు నీళ్ళ ముందు పరిగెత్తారు. పెద్దవాళ్ళు కూడా పరిగెత్తారు, సిగ్గుపడుతూ.

ఆ రాత మేస్త్రి సర్వీసు పుస్తకంలోకి ఎక్కింది. ఆయన రిటైరైన రోజు దాకా అలాగే ఉంది. తీసేయమని అర్జీ పెట్టుకోమంటే పెట్టుకోలేదు. వర్కుషాపులో పంపుల మీద చివరి బిగింపు ఎప్పటిలాగే ఆయనదే, దానికి ఎవరూ అడ్డు చెప్పలేదు, చెప్పాల్సిన పనీ లేదు. అయితే ఆ సెట్టున్న పెట్టె తెరిస్తే మాత్రం ఆయన రెండు చేతులూ వెనక్కి పోయేవి. నేను పక్కనున్నా లేకపోయినా. నా తర్వాత వచ్చిన కుర్రాళ్ళకు మొదటి పాఠం చెప్పింది నేను కాదు, ఆయనే. "పెద్దోడు అడిగితే ఇయ్యొద్దు. నేను అడిగినా ఇయ్యొద్దు" అని చెప్పి, నిజంగానే అడిగి చూసేవాడు. ఇచ్చినవాణ్ణి ఆ రోజు నీళ్ళలోకి దిగనిచ్చేవాడు కాదు.

కానీ మీకు చెప్పాలనుకున్నది ఆ సాయంత్రం సంగతి. సామాను లారీలోకి ఎక్కిస్తున్నాం. ఆయన అక్క మడిలో నీళ్ళు చూసి, మోకాళ్ళ దాకా బురదతో కట్టెక్కి వచ్చింది. ఉదయం నుంచి జరిగినదాంట్లో ఆమెకు సగం తెలియదు. ఎవరూ చెప్పలేదు. తమ్ముడి రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుని కళ్ళకద్దుకుంది.

"నేను చెప్పల్యా! మా తమ్ముడు చెయ్యి పెడితే కాని పని యాడన్నా ఉండాదా?" అని చుట్టూ ఉన్నవాళ్ళకు చెప్పింది.

నేను లారీ మీది నుంచి చూస్తున్నాను. ఆయన ఊరుకుంటే సరిపోయేది. ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు. నేనైతే అసలే అనేవాణ్ణి కాదు. ఆయన తన చేతులను మెల్లగా విడిపించుకున్నాడు.

"ల్యాదక్కా" అన్నాడు. "ఈ పొద్దు నేను చెయ్యి పెట్టకుంటేనే అయ్యింది."